చేతికి తగిలించిన వాగ్దానం

పోయిన వారం పాస్టరు ఓదెలును కోరుట్ల బస్టాండులో, వేములవాడ బస్సు కోసం ఎదురుచూస్తుండగా వదిలిపెట్టాం. ఆయన మనలాగా వారం రోజులు ఆగలేదు. బస్సు కాసేపటికే వచ్చింది, సీటు కూడా దొరికింది. అయితే ఆయన సిరిసిల్లకు ఎందుకు బయలుదేరాడో మరిచిపోయినవాళ్లకూ, ఈ వారమే కొత్తగా పత్రిక తెరిచినవాళ్లకూ ఒక్క మాట చెప్పి ముందుకు పోదాం.

డిసెంబరు చివరి రాత్రి ఓదెలు మందిరంలో వాగ్దానాలు తీస్తారు. ఒక్కో కార్డు మీద ఒక్కో బైబిలు వాక్యం ఉంటుంది. కార్డులన్నీ పళ్లెంలో బోర్లించి పెడతారు. ప్రార్థన చేసి, కళ్లు మూసుకుని, చేతికి తగిలింది తీసుకోవాలి. ఏది వస్తే అది ఆ ఏటికి దేవుడు తమతో స్వయంగా మాట్లాడిన మాట. ఇంటికి తీసుకుపోయి గోడకు పెట్టుకుంటారు. కష్టం వస్తే దాన్ని చూసుకుంటారు, సంతోషం వస్తే దాన్నే చూపిస్తారు.

సిరిసిల్లలో కాపురముండే రాజమణి పుట్టిల్లు కోరుట్ల. ఏటా ఆ రాత్రికి వస్తుంది. గుండెలో వాల్వు మార్చిన మనిషి. రక్తం పలచగా ఉంచే గోలీలు బతికినంత కాలం వేసుకోవాలని డాక్టర్లు చెప్పారు. ఈసారి ఆమెకు స్వస్థత వాక్యం వచ్చింది, నిన్ను బాగుచేసేవాణ్ణి నేనే అని దేవుడు చెప్పే వాక్యం. సంక్రాంతి దాటకముందే ఆమె గోలీలు ఆపేసింది. ఓదెలు కూతురు రచన జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. రాజమణి అక్కడికి రక్తపరీక్షకు రావడం లేదని ఆమే కనిపెట్టి, తండ్రికి ఫోన్ చేసి కడిగేసింది. "బాపు, వాల్వు మీద రక్తం గడ్డ కడితే దవాఖానకు తెచ్చే టైం గూడ ఉండది" అని చెప్పింది.

ఓదెలు ఆ కోపమంతా రాజమణి తెలివితక్కువతనం మీద పెట్టి ఇంట్లో ఎగురుతుంటే, ఆయన భార్య ఎస్తేరు బీరకాయ చెక్కు తీస్తూ నెమ్మదిగా ఒక మాట అన్నది. ఆ కార్డు రాజమణికి తగలలేదు. తాను తగిలించింది. పళ్లెం పట్టుకునేది ఎస్తేరే. రాజమణి వంతు రాగానే ఆ కార్డును బొటనవేలితో అంచుకు జరిపి, ఆమె వేళ్ల కిందికి తెచ్చింది.

"దేవుని పని నువ్వు చేస్తవా?" అని అరిచాడు ఓదెలు.

"వరుసగ రెండేండ్లు దానికి కష్టాలస్తయన్న శ్రమల కార్డే అచ్చింది. పోయినేడు సదువుకొని గోడకు మొకం పెట్టి ఏడ్సింది. మల్ల గదే అస్తే నేను సూడలేకపోదును" అన్నది ఎస్తేరు. తర్వాత చెక్కు తీయడం ఆపకుండానే, "దేవునికి తెల్వకుంట ఏం చెయ్యలే. ఆయన సూస్తనే ఉన్నడు. ఆపలే" అన్నది.

ముప్పై ఏళ్లుగా వాక్యం చెప్పి బతుకుతున్న మనిషి, కార్డు సంగతి రాజమణికి తానే చెప్పాలనుకున్నాడు. అందుకే బస్సెక్కాడు.

వేములవాడలో బస్సు మారి సిరిసిల్లలో దిగేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. రాజమణి ఉండే వాడలో సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగదు. షెడ్లలో మగ్గాలు ఆడుతుంటే గోడలు కూడా సన్నగా అదురుతుంటాయి. కొత్తవాళ్లకు తలనొప్పి వస్తుంది. అక్కడివాళ్లకు మాత్రం ఆ చప్పుడు ఆగితేనే దిగులు, ఎందుకంటే పని లేనప్పుడే అది ఆగుతుంది.

రాజమణి వసారాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఓదెలును చూసి చాట పక్కన పెట్టి, చేతులకంటిన తంబాకు కొంగుకు తుడుచుకుని లేచింది. బీడీ తాగడం పాపమని ఓదెలు ఎన్నోసార్లు ప్రసంగించాడు. చుట్టడం గురించి మాత్రం ఎన్నడూ మాట్లాడలేదు. సంఘంలో సగం మంది ఆడవాళ్లకు అదే కూడు, మందిరానికి అదే కానుక. కొన్ని సంగతుల్లో పాస్టర్లు కూడా చూసీచూడనట్టు పోతారు.

"వందనాలు అయ్యగారు! ఒక ఫోన్ చేస్తే కోడిని కోపిద్దును గద. అమ్మగారు బాగున్నదా? రచన బాగున్నదా?"

"అందరు మంచిగనే ఉన్నరు బిడ్డా. నువ్వెట్లున్నవ్?"

"ఉక్కు లెక్క ఉన్న" అని నవ్వింది రాజమణి. నిజంగానే ముఖం కళగా ఉంది. ఓదెలుకు ఆ కళ చూస్తే భయమేసింది. ఆమె నీరసంగా ఉంటే చెప్పడం తేలికయ్యేది.

లోపల ఆమె భర్త కనకయ్య అన్నం తింటున్నాడు. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయే మనిషి. భార్య క్రైస్తవంలోకి వచ్చినా ఆయన రాలేదు, రమ్మంటే నవ్వి ఊరుకుంటాడు. వేములవాడ రాజన్నను మించిన దేవుడు ఆయనకు లేడు. భార్యను ఆదివారం ఊళ్లోని మందిరానికి తానే దింపుతాడు, తాను బయట చెట్టు కింద కూర్చుంటాడు.

"రాన్రి సారూ. మీరన్న చెప్పున్రి దీనికి" అన్నాడు కనకయ్య పళ్లెంలో చెయ్యి పెట్టుకునే. "మా రాజన్నకు ఎన్ని మొక్కులు మొక్కిన! ఒక్కనాడన్న గోలీలు బంజెయ్యుమని ఆయన అనలే."

"నువ్వు తిను" అన్నది రాజమణి.

ఓదెలు మంచం మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడకు, క్యాలెండరు పక్కన ఆ కార్డు. రాజమణి దానికి లామినేషన్ చేయించి, మూలకు చిన్న ప్లాస్టిక్ పువ్వు అతికించింది. ఓదెలు చూపు మళ్లించుకున్నాడు. ఎండల గురించి అడిగాడు, సాంచలు నడుస్తున్నాయా అని అడిగాడు, కోరుట్లలో ఉన్న ఆమె అన్న సంగతి చెప్పాడు. సంతాప సభల్లో కూడా గడగడా మాట్లాడే మనిషి అసలు మాట చెప్పకుండా దాని చుట్టూ తిరుగుతున్నాడని రాజమణికి అర్థమయింది.

"అయ్యగారు, గోలీల గురించి అచ్చిన్రా?"

"అవును. ఎందుకు ఆపినవ్ బిడ్డా?"

"మీరే చెప్పిన్రు గద."

"నేనా? నేను ఎన్నడు గోలీలు ఆపుమన్న?"

"ఆపుమనలే" అన్నది రాజమణి. "కొత్తేడు మొదట్ల ఉపవాస కూడికల నిలవడి ఏమన్నరు? దేవుని మాట ఇంట్ల పెట్టుకొని ఇంక డాక్టరు మాటకు వణుకుడేంది, గది విశ్వాసం తక్కువున్నోళ్ల పని అన్నరు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను గూడ కొట్టిన. ఇంటికచ్చి గోలీలు తీసి పక్కన పెట్టిన."

ఆ మాట అన్నట్టు ఓదెలుకు గుర్తుంది. ఆ రోజు గొంతు బాగా లేచింది, జనం ఊగిపోయారు, ఆ ఊపులో నోటికి వచ్చిన మాట అది. అన్నవాడు భోజనం చేసి మరిచిపోయాడు. విన్నామె మూడు నెలలుగా దాని మీదే బతుకుతోంది. ఆయనకు సిగ్గేసింది. చెమట తుడుచుకునే సాకుతో కాసేపు తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

తువ్వాల తీసి, ఇక చుట్టూ తిరగకుండా చెప్పేశాడు. ఎస్తేరు సంగతి, పళ్లెం సంగతి, బొటనవేలి సంగతి. రాజమణి ఏడవడం చూడలేక ఆమె చేసిన పని. అంతా విని రాజమణి వసారాలోకి పోయి చాట తెచ్చుకుంది. దాన్ని మళ్లీ ఒళ్లో పెట్టుకుని, కత్తిరించిన తునికాకు ఒకటి తీసుకుని, చుట్టకుండా పట్టుకుని కూర్చుంది.

కనకయ్య చెయ్యి కడుక్కుని వచ్చాడు. "అంటే కావాలని చేతుల పెట్టిన చీటా? నేను జనవరి నుంచి మొత్తుకుంటున్న! గిప్పుడన్న విను" అన్నాడు.

"ఇంకా ఎవరెవరికి పెట్టింది అమ్మగారు?" అని అడిగింది రాజమణి.

"నీ ఒక్కదానికే."

"మీకెట్ల ఎరుక? మీరు కండ్లు మూసుకునే ఉంటిరి గద."

ఓదెలు చూపు మళ్లీ గోడ మీది కార్డు మీదికి పోయింది.

"సరే. అమ్మగారు వాక్యం మార్సిందా? దేవుడు అనని మాట ఏమన్న రాసిందా?"

"లేదు."

"మరి దేవుని మాటే గద! అమ్మగారు ఇస్తే ఏంది, నేను తీస్తే ఏంది?" రాజమణి గొంతు పెరిగింది. "మీ సాక్ష్యం నాకు పొల్లు పోకుంట యాదికుంది అయ్యగారు. మీరు వాక్యం ఫస్టు ఏడ విన్నరు? మందిరంలనా?"

కాదు. తాను దేవుని దారిలోకి ఎలా వచ్చాడో చెప్పే ఆ సాక్ష్యం కోరుట్లలో అందరికీ తెలిసిన కథే. వయసులో ఉన్నప్పుడు ఓదెలు కల్లు మండువాలోనే తెల్లారబెట్టేవాడు. ఓదెల మల్లన్నకు మొక్కుకుంటే పుట్టాడని తండ్రి పెట్టిన పేరు. ఆ పేరుకు ఉన్న గౌరవమంతా తాగుడులో పోయింది. ఒకనాడు పక్కన కూర్చున్న తాగుబోతు ఒకడు, ఎక్కడ విన్నాడో ఏమో, బరువు మోసి అలిసిపోయినోళ్లను దేవుడు తన దగ్గరికి రమ్మంటుండంట అని ఊగుతూ చెప్పాడు. ఆ ఒక్క మాట ఓదెలు గుండెలో దిగబడింది. బాప్తిస్మం నాడు పేరు మార్చుకోమంటే, "దేవునికి నేను గీ పేరుతోనే దొరికిన" అని మార్చుకోలేదు. వాక్యం బలం వాక్యంలోనే ఉంటుంది, మోసేవాడిలో కాదు అని ఆయన ఏటా ఈ కథతోనే చెబుతాడు.

"తాగుబోతు నోటి మాట మీకు పనిచేసింది" అన్నది రాజమణి. "అమ్మగారి చేతి కార్డు నాకు పనిచెయ్యదా?"

కనకయ్య కూడా ఓదెలు వైపు చూశాడు. భార్య మాట ఆయనకు నచ్చలేదు గానీ, ప్రశ్న మాత్రం నచ్చింది.

కార్డు అబద్ధం అనడానికి ఓదెలుకు నోరు రాదు. అది అబద్ధమైతే ఆయన బతుకే అబద్ధం. ఆమె బాగుపడదు అనడానికీ రాదు. బయట సాంచలు కొట్టుకుంటూనే ఉన్నాయి. అప్పుడు ఆ పాత కథలో తాను ఎన్నడూ చెప్పని ముక్క ఒకటి ఆయనకు గుర్తొచ్చింది. దాచి కాదు. చెప్పాల్సిన అవసరం రాలేదు, అంతే.

"రాజమణీ, గా తాగుబోతు వాక్యం చెప్పినంక ఇంకేం చేసిండో ఎరుకనా? ముంత నిండ కల్లు పోసి నా చేతికిచ్చిండు. దేవుడు పిలుస్తుండు, పోయేముందు గిది తాగు అన్నడు."

రాజమణి తలెత్తింది.

"వాక్యం తీసుకున్న, ముంత ఆన్నే పెట్టిన. రెండు గూడ ఒక్క మనిషి చేతుల నుంచే అచ్చినయి. ఒకటి దేవునిది, ఒకటి వానిది. నీకు గూడ మా ఇంట్లకెల్లి రెండు అచ్చినయి బిడ్డా. నిన్ను బాగుచేస్తనన్నది దేవుడు. డాక్టరు మాటకు వణుకుడేందన్నది నేను. చప్పట్ల కోసం అన్న. వాక్యం గోడకు ఉంచుకో. నా మాట ఇసిరి పారెయ్యి. నేను తప్పు చెప్పిన."

పాస్టరు నోటి నుంచి తప్పు అనే మాట రాజమణి ఎన్నడూ వినలేదు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆకు పట్టుకున్న చెయ్యి ఒళ్లో వాలిపోయింది. కనకయ్య అదే అదను అనుకుని షెల్ఫు మీది గోలీల డబ్బా దించాడు. మూడు నెలలుగా దుమ్ము పట్టిన డబ్బాను లుంగీతో తుడిచి భార్య ముందు పెట్టాడు.

"ఆగు. మూడు నెలల తర్వాత ఊకెనే మొదలు పెట్టద్దంట. రేపు జగిత్యాలకు తోలుకరా. రచన పరీక్ష చేపించి, డాక్టరుకు సూపిస్తనన్నది" అన్నాడు ఓదెలు.

"నేను రాను" అన్నది రాజమణి.

కనకయ్య నెత్తి కొట్టుకున్నాడు. "మల్ల ఏమాయె?"

"నేను సాక్ష్యం చెప్పిన." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పది మందిల నిలవడి, గోలీలు ఇడిసిపెట్టిన, దేవుడే నా గోలీ అని చెప్పిన. గిప్పుడు మల్ల గోలీలు మింగితే నేను దేవుని మీద అబద్ధం చెప్పినట్టు కాదా? బైబిల్ల దేవుని మీద అబద్ధం చెప్పినోళ్లు నిలవడ్డకాన్నే పడి సచ్చిన్రని మీరే చెప్పలేదా? సచ్చిపోతే సచ్చిపోత అయ్యగారు. ఆయన దగ్గరికే పోత. నాకు భయం లేదు. అబద్ధమాడిన దానిగ పోవాల్నంటేనే భయం."

చావుకు భయపడని మనిషిని చావు పేరు చెప్పి ఒప్పించలేమని ఓదెలుకు తెలిసిపోయింది. ఇన్నాళ్లూ ఇంత విశ్వాసం కోసమే గొంతు చించుకున్నాడు. దొరికింది. దొరికాక దాన్ని ఏం చేయాలో తెలియక చేతులు నలుపుకుంటున్నాడు.

మాట కోసమే మాట అన్నట్టు అడిగాడు. "ఏడ చెప్పినవ్ సాక్ష్యం?"

"ఈడ రెండిండ్లల్ల చెప్పిన. పోయిన నెల మట్టలాదివారం ముందు ఎల్లారెడ్డిపేట దిక్కు గృహ కూడిక పెట్టిన్రు, ఆడ చెప్పిన. మస్తుగ ఏడ్సిన్రు అందరు. అయిపోయినంక స్వరూప అని ఒక పిల్ల నా కాళ్లు పట్టుకున్నది. మొగడు దుబాయిల ఉంటడు. ఒక్కడే కొడుకు, సాయికుమార్. ఇంటర్ పరీక్షలు రాసిండు. సిన్నప్పటి సంది వానికి ఫిట్స్..."

ఆమె ఆగిపోయింది. ఎదురుగా ఓదెలు ముఖంలో నెత్తురు లేదు.

"ఆమె నిన్ను ఏం అడిగింది?" అన్నాడు.

రాజమణి చూపు చాట మీదికి దించుకుంది. "పెద్దమ్మా, మా వానికి గూడ బంజెయ్యాల్నా అని అడిగింది."

"నువ్వేమన్నవ్?"

"నీ విశ్వాసం కొద్ది బిడ్డా అన్న." ఒళ్లో చాట జారి కింద పడింది. తంబాకు నేలంతా చెదిరింది. రాజమణి దాని వైపు చూడను కూడా లేదు. "అయ్యగారు, నా పానం నాది. దేవునికి ఇచ్చుకున్న. ఆ పోరగాని పానం ఇచ్చెటందుకు నేనెవ్వరిని? ఫోన్ చెయ్యిన్రి. రేపు జగిత్యాలకు అస్త, అబద్ధమాడినదాన్నని నేనే పది మందిల చెప్త. ముందుగాల దానికి ఫోన్ చెయ్యిన్రి!"

కనకయ్య రాజమణి ఫోన్‌లో నంబరు వెతికిచ్చాడు. ఓదెలు మోగించి, ముగ్గురికీ వినబడేలా స్పీకరు పెట్టాడు. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి వెంటనే ఎత్తింది.

"హలో, పెద్దమ్మా!"

"నేను కోరుట్ల పాస్టరు ఓదెలును మాట్లాడుతున్న బిడ్డా. రాజమణి ఇంట్లనే ఉన్న."

"వందనాలు అయ్యగారు, వందనాలు!" స్వరూప గొంతు సంతోషంతో వణికింది. "నేనే మీకు చేద్దామనుకుంటున్న. మా సాయికి గోలీలు ఆపి ఇరువై రోజులు దాటింది. ఫిట్స్ ఒక్కపారి గూడ రాలే అయ్యగారు! ఇంతకు ముందు గోలీలు ఏసుకున్నా పదిహేను రోజులకు ఒకపారన్న అచ్చేది. ఆదివారం కోరుట్లకే అచ్చి సాక్ష్యం చెప్త. వానితోని గూడ చెప్పిపిస్త."

రాజమణి ఓదెలు చేతిలో నుంచి ఫోన్ లాక్కుంది.

"స్వరూపా, నేను పెద్దమ్మను. గోలీలు ఇంట్ల ఉన్నయా? ఇప్పుడే డాక్టరుకు ఫోన్ చెయ్యి బిడ్డా. నేను చెప్పింది తప్పు. మొత్తం తర్వాత చెప్త. సాయి ఏడున్నడు? వాన్ని పిలువు."

"ఏమైంది పెద్దమ్మా? గట్ల మాట్లాడుతున్నవ్?"

"వాన్ని పిలువు ముందుగాల!"

"ఇంట్ల లేడు. పరీక్షలు అయినయి గద, దోస్తులతోని బాయికి పోయిండు, ఈతకు. సిన్నప్పటి సంది నీళ్ల దిక్కు పోనియ్యలే వాన్ని. అందరు ఈత కొడుతుంటే గడ్డ మీద కూసుండి సూసేటోడు. పొద్దుగాల నేనే పొమ్మన్న. ఎంత సంబురపడ్డడో! అన్నం యాల్లకు అస్తనన్నడు..."

స్వరూప అక్కడ ఆగింది. అన్నం వేళ ఎప్పుడో దాటిపోయింది. ఆ సంగతి ఆమెకు ఇప్పుడే తట్టినట్టుంది.

"ఉరుకు!" అని అరిచాడు ఓదెలు. "ఎవరినన్న తోలు, నువ్వు గూడ ఉరుకు!"

ఫోన్ నేల మీద పడ్డ చప్పుడైంది. లైను కట్ కాలేదు. కనకయ్య అప్పటికే గోడకు తగిలించిన మోటార్‌సైకిలు తాళం అందుకున్నాడు గానీ గడప దాటలేదు. స్వరూప కొడుకును పేరు పెట్టి పిలుస్తున్న గొంతు, ఒక్కో పిలుపుకు ఇంకొంత దూరం జరుగుతూ వినబడింది. ముగ్గురూ ఆ ఫోన్ మీదికి వంగి, జవాబుగా సాయి గొంతు వినబడుతుందేమోనని చెవులు పెట్టారు.